పోలీసు, పోలీసాయన, పోలీసోడు

నానక్‌రామ్‌గూడలో నా ఉద్యోగం సబ్‌టైటిళ్ళు రాయడం. ఇంగ్లీషు సీరీస్‌లకి కింద తెలుగు పడుతుంది కదా, అది రాసేవాళ్ళలో నేనొకణ్ణి. పోయినేడు ఒక అమెరికన్ క్రైమ్ సీరీస్ నా వంతుకొచ్చింది. మొదటి ఎపిసోడ్ అయ్యాక చూసుకుంటే, అందులో పోలీసుల్ని ఏడు రకాలుగా పిలిచారు. ఆఫీసర్, డిటెక్టివ్, కాప్, ఫజ్, ఫెడ్స్, ఫైవ్-ఓ, పిగ్. నా ఫైలులో ఏడింటికీ ఎదురుగా ఒకటే మాట ఉంది: పోలీసు.

రివ్యూ చేసే సీనియర్ ఫైలు వెనక్కి పంపింది. "దండం పెట్టేవాడూ పోలీసనే అంటాడు, తిట్టుకునేవాడూ పోలీసనే అంటాడా? మనకు మాటలే లేవా?" అని పక్కన రాసింది.

లేవా? ఆ ప్రశ్న నన్ను చాలారోజులు వదల్లేదు.

ముందు ఇంగ్లీషు మాటల సంగతి చూశాను. 1829లో రాబర్ట్ పీల్ లండన్‌లో మెట్రోపాలిటన్ పోలీసు పెట్టాడు. జనం ఆయన పేరునే ముక్కలు చేసి పోలీసులకు తగిలించారు. రాబర్ట్ ముద్దుపేరు నుంచి బాబీ, ఇంటిపేరు నుంచి పీలర్. "కాప్" అంటే రాగి గుండీలనీ, ఏవో మూడు ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలనీ కథలున్నాయి. అవి తర్వాత అల్లినవి. పట్టుకోవడం అనే అర్థమున్న పాత క్రియే దాని మూలమని నిఘంటువులు చెబుతాయి. "పిగ్" 1960ల అమెరికా ఉద్యమాల్లో పుట్టిందనుకునేవాణ్ణి. 1811లో లండన్‌లో అచ్చయిన యాసమాటల నిఘంటువులోనే అది ఉంది. అంటే పీల్ పోలీసుకంటే ఆ తిట్టే ముందు పుట్టింది. "ఫైవ్-ఓ" అయితే 1968లో మొదలైన "హవాయి ఫైవ్-ఓ" అనే టీవీ సీరియల్ పేరు.

అన్నిటికంటే నన్ను ఆపింది "కానిస్టేబుల్". లాటిన్‌లో దాని మొదటి అర్థం గుర్రపుశాల అధికారి. మధ్యయుగాల ఫ్రాన్స్‌లో ఆ బిరుదున్నవాడు రాజు తర్వాత సైన్యానికంతటికీ పెద్ద. అంత పైనుంచి దిగి దిగి, మనదాకా వచ్చేసరికి ఎండలో నిలబడి ట్రాఫిక్ మళ్ళించే మనిషి హోదా అయింది.

ఇలా జారిపోయిన మాట మనకూ ఉంది. తలారి.

నాగార్జునకొండ శాసనాల్లో, క్రీ.శ. మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల కాలంలో, "మహాతలవర" అనే బిరుదు కనిపిస్తుంది. చిన్న ఉద్యోగం కాదు. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి తోబుట్టువు చాంతిసిరి మొగుడు మహాసేనాపతి, మహాతలవరుడు. ఆ తలవర మాటే అరిగి తలారి అయిందని చాలామంది పండితుల అభిప్రాయం. పదిహేను వందల ఏళ్ళ తర్వాత తలారి అంటే ఊరి కావలివాడు. రాత్రి గస్తీ తిరగడం, దొంగ అడుగుజాడ పట్టుకుని పోవడం, పెద్దమనుషులు పిలిస్తే పరిగెత్తడం. దొరికే జీతం ఇంత మాన్యం, ఇంత గింజలు. రాజుగారి బావ బిరుదు కావలివాడి పేరైంది, ఇప్పుడు చాలామందికి అది ఇంటిపేరు.

హైదరాబాదు వైపు ఇంకో దొంతర ఉంది. కొత్వాల్. వినగానే పారశీకంలాగా ఉంటుంది కానీ, దాని వెనకున్నది సంస్కృతంలోని "కోట్టపాల", కోటను కాచేవాడు. అందులోని కోట ద్రావిడ మాటేనని భాషావేత్తలు అంటారు. అంటే మన కోట ఉత్తరాదికి పోయి, వేషం మార్చుకుని, గుర్రమెక్కి మళ్ళీ మన మీదికే వచ్చిందన్నమాట. నిజాం రాజ్యంలో నగరానికి కొత్వాల్-ఎ-బల్దా ఉండేవాడు. బల్దా అంటే పట్నం. ఆ కొత్వాళ్ళలో మనకు బాగా తెలిసిన పేరు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. అమీనుగా చేరి, 1920 నుంచి 1934 దాకా నగర కొత్వాలుగా పనిచేశాడు. ఆయన జీవితచరిత్రను సురవరం ప్రతాపరెడ్డి రాశాడు. నారాయణగూడ మీదుగా పోయేవాళ్ళు ఆయన విగ్రహం చూసే ఉంటారు.

అమీను అంటే ఇప్పటి ఎస్సై. అరబ్బీలో ఆ మాటకు అర్థం నమ్మదగినవాడు. సంగారెడ్డి దగ్గర మా ఊళ్ళో మా నానమ్మ ఇప్పటికీ ఎస్సైని "అమీను" అనే అంటుంది. చిన్నప్పుడు నేను అన్నం తినకపోతే "అమీనుసాబు వస్తుండు" అనేది. నేను కంచం ఖాళీ చేసేవాణ్ణి. నమ్మదగినవాడు అనే మాటతో పిల్లల్ని భయపెట్టొచ్చని అప్పుడు నాకు తెలీదు, ఆమెకూ తెలీదు.

తెలంగాణ పల్లెల్లో "పోలీసు" అనే మాట కూడా మొదట యూనిఫామ్ వేసుకుని రాలేదు. ఊరికి మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ ఉండేవాళ్ళు. వంశపారంపర్య ఉద్యోగాలు. పోలీసు పటేలు అంటే ఖాకీ కాదు, ఊళ్ళో ఉన్న పెద్దకులపాయన. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవులు రద్దు చేసేదాకా చాలామందికి పోలీసు అంటే మొదట ఆయనే. ఇప్పుడు అద్దాల టవర్లున్న ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒకప్పుడు ఆ ఏర్పాటు కిందే బతికాయి.

అటు మద్రాసు ప్రెసిడెన్సీలో కథ వేరు. 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చింది. దానితో కానిస్టేబులూ, హెడ్డూ వచ్చారు. కోస్తా నాలుకల మీద కానిస్టేబుల్ "కనిష్టీబు" అయ్యాడు. గురజాడ కన్యాశుల్కం చదివినవాళ్ళకి హెడ్డుగారు గుర్తుంటాడు. ఈ కనిష్టీబు అనే పలుకు నాకు భలే ఇష్టం. కావాలని చేసింది కాదు, నోరు తిరక్క అయింది. కానీ కనిష్ఠం అంటే అట్టడుగు. ఫ్రాన్స్ సేనాధిపతి ఎక్కడిదాకా దిగాడో తెలుగు చెవికి ముందే వినిపించినట్టుంది.

ఈ మాటలన్నీ వరసగా పేర్చుకుంటే ఒకటి కనబడింది. తలవర ప్రాకృతంలో వచ్చింది. కొత్వాల్, అమీన్ పారశీక దర్బారు నుంచి వచ్చాయి. కానిస్టేబుల్, ఇన్‌స్పెక్టర్ ఇంగ్లీషువాడితో వచ్చాయి. ఏ కాలంలో ఎవరిది సింహాసనమో వాళ్ళ భాషలోనే మనం పోలీసుని పిలిచాం. మనంతట మనం పెట్టబోయిన పేరు కూడా ఒకటుంది, రక్షకభటుడు. స్టేషన్ల బోర్డుల మీద "రక్షకభట నిలయము" అని రాయించారు. "రక్షకభట నిలయానికి పోయొస్తా" అని అన్న మనిషిని నేనింతవరకు చూడలేదు. అందరం స్టేషన్ అనే అంటాం. రైల్వే స్టేషన్ అయితే రైల్వే అని చెప్పాలి. ఉత్త స్టేషన్ అంటే ఏదో ఎవరూ అడగరు.

పేరు పెట్టే అధికారం ఎంతదాకా పోతుందో తెలియాలంటే మాత్రం 1948కి పోవాలి. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి వచ్చింది. ట్యాంకులు, విమానాలు, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి. 17న నిజాం కాల్పులు ఆపుతున్నట్టు ప్రకటించాడు. దాన్ని అందరం "పోలీసు యాక్షన్" అంటాం. యుద్ధం అంటే రెండు దేశాల సంగతి అవుతుంది. హైదరాబాదు అప్పటికే ఐక్యరాజ్యసమితి గుమ్మం తొక్కింది. పోలీసు అంటే ఇంటి వ్యవహారం. డచ్చివాళ్ళు 1947లో ఇండోనేషియా మీద సైన్యాన్ని దించినప్పుడూ "పోలీసు చర్య" అన్నారు. 1950లో కొరియాలో యుద్ధాన్ని అమెరికా కూడా అలాగే పిలిచింది.

ఆ చర్య సమయంలోనూ తర్వాతా కనీసం 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక ఏళ్ళ తరబడి బయటికి రాలేదు. పేరు మాత్రం ఊరూరికీ చేరింది. మా నానమ్మ తన వయసు అలాగే చెబుతుంది. "యాక్షన్ అయినప్పుడు నాకు ఏడేండ్లు." ఒకసారి ఆమెను అడిగాను, అప్పుడు పోలీసుల్ని చూశావా అని. ఆమె నా వంక వింతగా చూసి, "పోలీసోళ్ళు యాడున్నరు బిడ్డా? మిలిట్రీ లారీలు వచ్చినయ్" అంది.

నానక్‌రామ్‌గూడకి తిరిగొస్తాను. ఇక్కడ పాత రంగనాథస్వామి గుడి ఉంది. రామానాయుడు స్టూడియో ఉంది. బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి 2023 మార్చిలో వచ్చిన అమెరికన్ కాన్సులేట్ ఉంది. మిగతాదంతా మావంటివాళ్ళ మెడలో వేలాడే బ్యాడ్జీల లోకం. ఇక్కడి పోలీసు పేర్లూ ఈ లోకంలాగే ఉంటాయి. కంప్యూటర్ల పేరు మీద సైబరాబాద్ కమిషనరేట్ వచ్చింది. 2014లో షీ టీమ్స్ వచ్చాయి. బైకుల మీద బ్లూ కోల్ట్స్ తిరుగుతారు. సినిమావాళ్ళ పోలీసు ఎప్పుడూ గర్జిస్తూనే ఉంటాడు. 1996లో సాయికుమార్ "పోలీస్ స్టోరీ" తర్వాత నాలుగో సింహం అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు.

మరి జనం పెట్టిన పేరు? అది నాకు ఒక రాత్రి క్యాబ్‌లో దొరికింది. ఈ ప్రాంతం కాదు, ఊరి పేరు వద్దు. షిఫ్ట్ అయ్యాక పోతుంటే బ్యారికేడ్ల దగ్గర బండి ఆపారు. డ్రైవరుకి మా నాన్న వయసుంటుంది. అద్దం దించగానే "ఏంరా, ఎటు పోతున్నవ్?" అని వినబడింది. లోపలికి టార్చి వేసి నన్ను, నా బ్యాడ్జీని చూశాక గొంతు మారింది. "మీరు కూర్చోండి సార్, రెండు నిమిషాలు." డ్రైవరు కాగితాలు పట్టుకుని దిగాడు. ప్రతి వాక్యం చివరా సార్, సార్ అంటున్నాడు. రెండు నిమిషాలు ఇరవై అయ్యాయి. తిరిగొచ్చి, బండి తీసి, అద్దం పూర్తిగా పైకెక్కాక మెల్లగా అన్నాడు. "మామలు. మామూలు లేనిదే ఒదలరు."

మామ. హైదరాబాదు కుర్రాళ్ళ నోట ఎన్నిసార్లు విన్నానో. ఆ రాత్రే సరిగ్గా విన్నాను. తప్పించుకోలేని చుట్టం. మామూలు అరబ్బీ నుంచి వచ్చింది, వాడుకగా జరిగేది అని అర్థం. లంచానికి ఇంతకంటే అలసిపోయిన పేరు ఇంకో భాషలో ఉందో లేదో.

కానీ ఆయన మాటల్లో నన్ను పట్టుకున్నది మామ కూడా కాదు. ఆ ఇరవై నిమిషాల్లో పోలీసాయన "రా" అన్నాడు, నన్ను "మీరు" అన్నాడు. డ్రైవరు బయట "సార్" అన్నాడు, లోపల "పోలీసోడు గట్లనే ఉంటడు సార్" అన్నాడు. పోలీసు అనే మాట మారలేదు. తోక మారింది. పోలీసాయన వచ్చారు, పోలీసతను వచ్చాడు, పోలీసోడు వచ్చిండు, పోలీసమ్మ వచ్చింది. మన అభిప్రాయమంతా అక్కడుంది. ఇంగ్లీషులో కలెక్టరూ "యూ"నే, క్యాబ్ డ్రైవరూ "యూ"నే. అందుకే వాళ్ళు గౌరవమైనా కసి అయినా పేరులోనే పెట్టుకోవాల్సి వచ్చిందేమో. ఇది సూత్రమనను. ఆప్, తూ రెండూ ఉన్న హిందీలో కూడా ఢిల్లీకి ఠుల్లా ఉన్నాడు, ముంబైకి పాండు ఉన్నాడు. కానీ తెలుగులో నాకు కనబడిందిది. పేరు పెట్టే హక్కు మనకు ఎవరూ ఇవ్వలేదు. చివరి అక్షరం మాత్రం ఏ సర్కారూ తీసుకోలేకపోయింది.

ఆ రాత్రి నాకు దక్కిన "మీరు" నాది కాదని కూడా తెలిసింది. అది బ్యాడ్జీది. బ్యాడ్జీ జేబులో ఉండి, నేను ముందు సీట్లో ఉంటే నేనేమయ్యేవాణ్ణో ఊహించడం కష్టం కాదు. దిగేటప్పుడు ఆయనకి ఏమైనా చెబుదామనుకున్నాను. "థాంక్స్ అన్నా" అని మాత్రం అన్నాను. లోపల కూర్చుని ఒక్క మాట మాట్లాడనివాడు అంతకంటే ఏమంటాడు.

మర్నాడు ఫైలు మళ్ళీ తెరిచాను. ఒక సీన్‌లో బేడీలేసిన కుర్రాడు ఎదురుగా "ఆఫీసర్" అంటాడు, తలుపు మూసుకున్నాక "పిగ్" అంటాడు. మొదటిదానికి "సార్" అని రాశాను. రెండోదానికి పంది అని రాయలేదు, "పోలీసోడు" అని రాశాను. వీధి చివర పిల్లలు "ఫైవ్-ఓ" అని కేకేసి పరిగెత్తే చోట "మామలు!" అని పెట్టాను.

సీనియర్ అన్నీ ఒప్పుకుంది. ఒక్క "మామలు" దగ్గర ఆగి, ఇది అందరికీ అర్థమవుతుందా అని అడిగింది. అర్థం కావాల్సినవాళ్ళకి అవుతుందన్నాను. ఉంచేసింది.