నీరు చిందకూడదు

మీరిప్పుడు టోక్యోలో ఉన్నారు. 2021 ఆగస్టు 5, మధ్యాహ్నం. ఒలింపిక్స్‌లో మహిళల పది మీటర్ల ప్లాట్‌ఫాం డైవింగ్ ఫైనల్. కరోనా వల్ల ప్రేక్షకుల్ని రానివ్వలేదు. వరసకి వరస కుర్చీలు ఖాళీ. ఉన్నవాళ్లంతా కోచ్‌లు, తోటి క్రీడాకారులు, అధికారులే. అందుకే ప్రతి చిన్న చప్పుడూ చెవినపడుతోంది.

తల పైకెత్తండి. పైనున్న ఆ అరుగు మన ఉద్దానంలో కాపు మీదున్న కొబ్బరి చెట్టంత ఎత్తు. కాయలు దింపేవాడు అంత ఎత్తునుంచి మానుని కరుచుకుని ఆచితూచి దిగుతాడు. ఇక్కడ చేతులు వదిలేసి రావాలి. రెండు సెకన్లయినా పట్టదు. నీటిని తాకేసరికి వేగం గంటకి యాభై కిలోమీటర్లు.

అరుగు మీదున్న పిల్ల పేరు క్వాన్ హోంగ్‌చాన్. పద్నాలుగేళ్లు. చైనా జట్టు మొత్తంలో చిన్నది. సొంత దేశం దాటి పోటీ పడటం ఇదే మొదటిసారి. తొలి డైవ్‌కి 82.50 వచ్చాయి.

ఇది రెండోది. కొలనుకి వీపు పెట్టి, అరుగు చివర మునివేళ్ల మీద నిలబడింది. మడమల కింద గాలే. కింద సన్నటి ధారలు నీటిని కదుపుతున్నాయి. నీరు నిశ్చలంగా ఉంటే అది ఎక్కడ మొదలవుతుందో పైనుంచి తెలియదు. చేతులెత్తింది. గెంతింది. మోకాళ్లు గుండెకి హత్తుకుని, అరుగు వైపే తిరుగుతూ మూడున్నర పల్టీలు. ఒళ్లు విప్పుకుంది. అరచేతులు ముందు నీటిని తాకి దారి చేశాయి. ఆ దారిలోనే తల, నడుము, పాదాలు. చర్రున ఒక్క చప్పుడు. పైన కాసిని బుడగలు, అంతే.

వేసవిలో మన నూతుల్లో గెంతే కుర్రాళ్ల లెక్క వేరు. ఎవడి దెబ్బకి నీళ్లు ఎగిరి గట్టు తడుస్తుందో వాడే మొనగాడు. ఇక్కడ లెక్క తిరగబడింది. నీరు ఎంత తక్కువ చిందితే అంత గొప్ప.

బోర్డు చూడండి. న్యాయనిర్ణేతలు ఏడుగురు. పై రెండు మార్కులు, కింది రెండు మార్కులు తీసేస్తారు. మిగిలిన మూడూ కూడి, డైవ్ ఎంత కష్టమో చెప్పే అంకెతో హెచ్చవేస్తారు. ఈ డైవ్ అంకె 3.2. మూడు పదులు ముప్పై. మొత్తం 96. దీనికి ఇంతకు మించి రావడం కుదరదు.

మూడోదానికి 95.70. నాలుగోసారి అరుగు చివర చేతుల మీద తలకిందులుగా నిలబడింది. కాళ్లు వణకలేదు. 96. ఐదోది మళ్లీ 96. ఖాళీ గ్యాలరీలో ఆ కొద్దిమందే చప్పట్లతో హోరెత్తిస్తున్నారు. మొత్తం 466.20. రజతం గెలిచిన చెన్ యూషీది కూడా చైనాయే. ఆమెకి 425.40. కాంస్యం ఆస్ట్రేలియాకి చెందిన మెలిస్సా వూది, 371.40.

తర్వాత విలేకరులు చుట్టుముట్టారు. అమ్మకి ఒంట్లో బాగోదని, వైద్యానికి డబ్బు సంపాదించాలని చెప్పిందా పిల్ల. వాళ్లది దక్షిణ చైనాలో ఝాన్‌జియాంగ్ దగ్గర పల్లె. వ్యవసాయ కుటుంబం. క్రీడా పాఠశాల కోచ్ ఒకాయన 2014లో వాళ్ల ఊరి బడికి వచ్చాడు. తొక్కుడుబిళ్ల ఆడుతున్న ఏడేళ్ల పిల్ల గెంతు ఆయన కంటబడింది.

మన ఉద్దానంలో కవిటి, మందస, వజ్రపుకొత్తూరు బడుల్లోనూ పిల్లలు గెంతుతూనే ఉన్నారు. పది మీటర్ల అరుగు కట్టడానికి కోట్లు కావాలి, నిజమే. కానీ ఆ పిల్ల కథలో ముందు వచ్చింది అరుగు కాదు, బడి దాకా నడిచొచ్చిన కోచ్. ఆ పని మొదలుపెట్టడానికి బస్సు చార్జీ చాలు.