‘చిట్ఠీ ఆయీ హై’ పాటలో పక్షి

 

‘చిట్ఠీ ఆయీ హై’ 1986లో వచ్చిన ‘నామ్’ అనే హిందీ సినిమాలోది. రాసింది ఆనంద్ బక్షి, సంగీతం లక్ష్మీకాంత్–ప్యారేలాల్, పాడింది పంకజ్ ఉధాస్. సినిమాలో స్టేజీ మీద పాడేది కూడా ఆయనే. కువైట్ రూముల్లో హిందీ సరిగా రానోళ్ళకు కూడా ఈ పాట తెలుసు. దూరదేశం పోయిన కొడుక్కి తండ్రి రాసిన ఉత్తరం అది. చెల్లెలి పెళ్ళి, తల్లి బాధ, భార్య గతి అన్నీ చెప్పి, చివర్లో కొడుకును పక్షీ అని పిలిచి, పంజరం పగలగొట్టుకొని వచ్చేయమంటాడు. చాలామంది తల్లి మాట దగ్గర ఏడుస్తారు. నాకైతే ఆ పక్షి దగ్గరే గొంతు పట్టేస్తుంది.

పక్షి, పంజరం మనకు కొత్త కాదు. మా కడప పక్క భజనల్లో తత్వాలు పాడేటప్పుడు చిలకంటే ప్రాణం, పంజరమంటే ఒళ్ళు. చిలక ఎగిరిపోయిందంటే మనిషి పోయినట్టే. ఉత్తరాది పాత భక్తి పాటల్లోనూ ఇదే లెక్క. రామదాసు కథ ఇంకోరకం. పోయిన జన్మలో చిలకను పంజరంలో పెట్టినందుకే గోల్కొండ జైల్లో పన్నెండేళ్ళు మగ్గాడని పెద్దోళ్ళు చెప్తారు.

బక్షి ఆ పాత పోలికను తిరగేశాడు. ఇక్కడ పంజరం ఒళ్ళు కాదు, పరాయిదేశపు సంపాదన. చిలక చచ్చి కాదు, బతికుండగానే బయటికి రావాల. ఇక్కడినుంచి పెట్టెలో ఇంటికి పోయినోళ్ళను చూసినవాళ్ళకు ఈ తేడా విడమర్చి చెప్పే పన్లేదు.

పాట వచ్చిన నాలుగేళ్ళకు, 1990 ఆగస్టు 2న, ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. మనోళ్ళు ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరుకుంటే, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలు 488 ట్రిప్పుల్లో లక్షా పదివేల మందికి పైగా ఇంటికి చేర్చాయి. పంజరం అట్ల విరిగింది, కానీ ఏళ్ళ కష్టం ఇక్కడే పోయింది. 1991 ఫిబ్రవరి 26న కువైట్‌కు విముక్తి వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ వీసాలు, మళ్ళీ విమానాలు. వాళ్ళను తప్పు పట్టలేను. మనింట్లోనూ రొట్టె ఉందంటాడు పాటలో తండ్రి. మా పక్క బోర్లు ఎండిన ఏడు రొట్టె యాడిది?

పంకజ్ ఉధాస్ పోయింది కూడా ఫిబ్రవరి 26నే, 2024లో. ఇక్కడ లిబరేషన్ డే సెలవు. ఆ రాత్రి క్యాంపులో ప్రతి రూములో ఇదే పాట. మా మేస్త్రి ఒకాయన ఇంటికి పోయి మూడేళ్ళు దాటింది. పక్షి మాట రాకముందే ఫోన్ ఆపేసి, రేపటి కాంక్రీటు ఎన్నింటికని అడిగినాడు.