మోతాదు నుంచి మట్టానికి: మూత్రపిండ మార్పిడి మందుల కొలత కథ

మలేసియాలోని పేరాక్ రాష్ట్రంలో, పేరాక్ నది సముద్రాన్ని సమీపించే చోట తెలుక్ ఇంటాన్ ఉంది. 1982 వరకు దాని పేరు తెలుక్ ఆన్సన్. 1885లో కట్టిన, ఒక పక్కకు ఒరిగిన గడియారపు గోపురం వలన బయటివారికి ఈ ఊరు తెలుసు. తెలుగువారికి మరొక కారణం ఉంది. ఇక్కడికి దగ్గరలోని బాగాన్ దాతో కొబ్బరితోటలకు బ్రిటిష్ కాలంలో కోస్తాంధ్ర నుంచి కూలీలు వలస వచ్చారు. వారి సంతతి నేటికీ ఆ ప్రాంతంలో ఉంది. అయితే ఈ వ్యాసం వలస గురించి కాదు. రాజధానికి దూరంగా ఇటువంటి ఊళ్లలో బతికే మనిషికి మూత్రపిండ మార్పిడి జరిగితే, ఆ మూత్రపిండాన్ని కాపాడే మందు అతని నెత్తురులో ఎంత ఉన్నదో తెలుసుకోవడం ఎలా మొదలైందన్నది ఇక్కడి విషయం.

మలేసియాలో తొలి మూత్రపిండ మార్పిడి 1975 డిసెంబరులో కౌలాలంపూర్ ఆసుపత్రిలో జరిగింది. భారతదేశంలో అంతకు నాలుగేళ్ల ముందే, 1971లో, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆ పని సాధించింది. ఆ రోజుల్లో మందులు ప్రధానంగా రెండు: అజథయోప్రిన్, ప్రెడ్నిసొలోన్. అజథయోప్రిన్ మోతాదు మించితే ఎముక మజ్జ దెబ్బతిని తెల్లకణాలు తగ్గిపోతాయి. కనుక వైద్యుడు మందును కొలిచేవాడు కాదు, తెల్లకణాలను లెక్కించేవాడు. దానికి ఒక సూక్ష్మదర్శిని, ఓపిక గల సాంకేతికుడు ఉంటే చాలు. ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా అవి దొరికేవి.

సైక్లోస్పోరిన్ ఈ సౌలభ్యాన్ని తీసివేసింది. నార్వే పీఠభూమి మట్టిలోని ఒక బూజు నుంచి వచ్చిన ఈ పదార్థానికి నిరోధక శక్తిని అణచే గుణం ఉందని 1972లో స్విట్జర్లాండులోని సాండోజ్ ప్రయోగశాలలో తేలింది. 1978లో కేంబ్రిడ్జిలో రాయ్ కాన్ ఏడుగురు మూత్రపిండ గ్రహీతలకు దీనిని ఇచ్చాడు. మోతాదు రోజుకు శరీర బరువులో కిలోకు 25 మిల్లీగ్రాములు; నేడు ప్రారంభంలో ఇచ్చేది అందులో సగం కూడా ఉండదు. కాపాడవలసిన మూత్రపిండాన్నే ఆ మందు దెబ్బతీస్తున్నదని వెంటనే బయటపడింది. ఇక్కడే అసలు చిక్కు. క్రియాటినిన్ పెరిగితే అది మందు చాలక వచ్చిన తిరస్కరణా, మందు ఎక్కువై వచ్చిన విషప్రభావమా? మొదటిదైతే మందు పెంచాలి, రెండవదైతే తగ్గించాలి. తెల్లకణాల లెక్క ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. మందునే కొలవవలసి వచ్చింది.

తొలి కొలతలు ప్లాస్మాలో చేశారు. అది పొరపాటు దారి అని తెలియడానికి కొన్నేళ్లు పట్టింది. సైక్లోస్పోరిన్‌లో ఎక్కువ భాగం ఎర్రకణాలలో చేరుతుంది. నెత్తురు చల్లబడేకొద్దీ ప్లాస్మాలో ఉన్నది కూడా కణాలలోకి పోతుంది. అంటే ఒకే నమూనాను శరీర ఉష్ణోగ్రత వద్ద వేరుచేస్తే ఒక అంకె, చల్లని గదిలో వేరుచేస్తే మరొక అంకె. మధ్యాహ్నపు ఎండలో ప్రయాణించి ఏసీ గదిలోకి చేరే నమూనా విషయంలో ఇది చిన్న సంగతి కాదు. 1980ల చివరికి సంపూర్ణ రక్తంలోనే కొలవాలన్న ఏకాభిప్రాయం కుదిరింది. అప్పటికీ తగవు తీరలేదు. కొన్ని పరీక్షలు మందుతోపాటు కాలేయంలో దాని నుంచి పుట్టే ఇతర పదార్థాలను కూడా కలిపి లెక్కించేవి. ఒక ప్రయోగశాలలో 200 అన్న అంకె మరొకచోట 200 కాదు.

ఇది ఎవరికి ముఖ్యమైంది? 1980లలోను, 1990ల మొదట్లోను చాలామంది మలేసియా రోగులు డబ్బిచ్చి మూత్రపిండం పొందడానికి భారతదేశానికి వచ్చారు. 1994 చట్టం అవయవ విక్రయాన్ని నిషేధించాక ఎక్కువమంది చైనా దారి పట్టారు. అమ్మినవారు పేదలు, వారి కథ వేరే రాయవలసినది. కొని తిరిగి వచ్చినవారిని చూసుకోవలసిన బాధ్యత మాత్రం స్వదేశపు వైద్యులపై పడింది. ఒక దేశపు పరీక్షతో కుదిర్చిన మోతాదును మరొక దేశపు పరీక్షతో సరిచూడడం ఎంత కష్టమో ఆ పని చేసినవారికే తెలుస్తుంది.

1984లో జపానులోని త్సుకుబా మట్టి నుంచి దొరికిన టాక్రోలిమస్ క్రమంగా సైక్లోస్పోరిన్ స్థానాన్ని ఆక్రమించింది. 2007లో ప్రచురితమైన సింఫనీ అధ్యయనంలో 1,645 మంది రోగులు పాల్గొన్నారు. మిల్లీలీటరుకు 3 నుంచి 7 నానోగ్రాముల మట్టాన్ని లక్ష్యంగా పెట్టుకొని తక్కువ మోతాదు టాక్రోలిమస్ ఇచ్చినవారిలో మూత్రపిండాలు మెరుగ్గా పనిచేశాయి. ఇంత ఇరుకైన హద్దులో మనుషుల మధ్య తేడాలు పెద్దవి. ఈ మందును విరిచే సీవైపీ3ఎ5 ఎంజైము యూరోపియన్లలో చాలామందికి పనిచేయదు. దక్షిణాసియా, ఆగ్నేయాసియా ప్రజలలో పనిచేసేవారి పాలు ఎక్కువ. అటువంటివారికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల మోతాదు కావలసి రావచ్చు. క్షయకు రిఫాంపిసిన్ మొదలుపెడితే మట్టం అమాంతం పడిపోతుంది.

పండ్లు దీనికి వ్యతిరేకం. గ్రేప్‌ఫ్రూట్ సంగతి వైద్యులందరికీ తెలుసు. దాని బంధువైన పంపరపనస తిన్న రోగిలో టాక్రోలిమస్ మట్టం పెరిగిందని 2000ల తొలినాళ్లలో జపాను వైద్యులు రాశారు. పేరాక్‌లోనే, ఈపో పక్కనున్న తంబున్ పంపరపనసలకు ప్రసిద్ధి. పాశ్చాత్య కరపత్రాన్ని ఉన్నదున్నట్టు అనువదించి ఇస్తే, మన రోగి ఎన్నడూ చూడని పండు అందులో ఉంటుంది, ఇంట్లో ఉన్న పండు ఉండదు.

కొలతలో అన్నిటికన్నా సులభంగా తప్పిపోయేది వేళ. నెత్తురు తీయవలసింది ముందటి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు, తరువాతి మాత్రకు ముందు. చీకటితోనే లేచి బస్సెక్కే రోగి, అలవాటు ప్రకారం ఉదయపు మాత్ర మింగి బయలుదేరుతాడు. ఆసుపత్రిలో అంకె ఎక్కువగా వస్తుంది. నర్సు అడగకపోతే వైద్యుడు మోతాదు తగ్గిస్తాడు. నిజానికి సరిపోయిన మందు అప్పటినుంచి చాలకుండా పోతుంది. కొన్ని వారాల తరువాత క్రియాటినిన్ పెరిగితే కారణం ఎవరికీ తట్టదు.

దూరం మాత్రం ఇప్పుడు అంత అడ్డు కాదు. ఈడీటీఏ గొట్టంలో తీసిన నెత్తురులో టాక్రోలిమస్ కొన్ని రోజులు చెడకుండా నిలుస్తుంది. రోగి బదులు గొట్టమే ప్రయాణించవచ్చు. వేలికొన నుంచి తీసిన చుక్కను ప్రత్యేకమైన కాగితంపై ఆరబెట్టి టపాలో పంపే పద్ధతి కూడా కొన్ని దేశాలలో వాడుకలోకి వచ్చింది. ఆ కాగితంపై చుక్క తీసిన గంటతో పాటు, చివరి మాత్ర వేసుకున్న గంటను కూడా రోగి తన చేత్తో రాయాలి.