యూఎన్ 2250 తీర్మానం: శాంతి చర్చల్లో యువతకు సీటు ఎందుకు? దోహా, నల్లమల చర్చలు ఏం చెబుతున్నాయి?

యుద్ధంలో ముందు పోయేది ఎక్కువగా కుర్రాళ్ల ప్రాణాలే. శాంతి చర్చలు అనగానే మాత్రం బల్ల దగ్గర కనిపించేది పెద్దవాళ్లే. ఈ తేడాను తగ్గించడానికే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2015 డిసెంబర్ 9న 2250 తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. దీనికి చొరవ చూపింది జోర్డాన్.

తీర్మానంలో ఏముంది?

18 నుంచి 29 ఏళ్ల వాళ్లను ఇది యువతగా లెక్కిస్తుంది. ఇందులో ప్రధానంగా ఐదు అంశాలున్నాయి. నిర్ణయాల్లో భాగస్వామ్యం, యువతకు రక్షణ, హింస నివారణ, యువజన సంఘాలతో కలిసి పనిచేయడం, ఆయుధం వదిలినవారిని మళ్లీ సమాజంలో కలుపుకోవడం. అయితే ఇన్ని సీట్లు ఇవ్వాల్సిందే అన్న కోటా ఏదీ లేదు. దేశాలను కోరడం వరకే!

అఫ్గానిస్తాన్‌లో ఏం జరిగింది?

2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా, తాలిబన్ల మధ్య ఒప్పందం కుదిరింది. అప్పటి అఫ్గాన్ ప్రభుత్వానికే అందులో చోటు లేదు. అదే ఏడాది సెప్టెంబర్ 12న అఫ్గాన్ల మధ్య చర్చలు మొదలయ్యాయి. మా భవిష్యత్తు గురించి మాట్లాడుతున్నప్పుడు మేమూ ఉండాలి కదా అన్నది అక్కడి యువ కార్యకర్తల వాదన. చర్చలు ఓ కొలిక్కి రాకముందే 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి వెళ్లింది. ఇప్పుడక్కడ ఆరో తరగతి దాటాక అమ్మాయిలకు బడి లేదు.

మన నల్లమలలో...

పొదిలి, మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్లకు శాంతి చర్చలు కొత్త మాట కాదు. 2004 అక్టోబర్ 11న మావోయిస్టు నేత రామకృష్ణ బృందం ప్రకాశం జిల్లా చిన్నారుట్ల దగ్గర అడవి నుంచి బయటికొచ్చింది. 15 నుంచి 18 వరకు హైదరాబాద్‌లో ప్రభుత్వంతో చర్చలు జరిగాయి. అప్పటి హోంమంత్రి జానారెడ్డి. పౌర స్పందన వేదికను నడిపిన ఎస్.ఆర్.శంకరన్ మధ్యవర్తుల్లో ముఖ్యులు. అప్పటికి ఆయనకు 70 ఏళ్లు నిండబోతున్నాయి. ఆ పెద్దల ఏళ్ల శ్రమ వల్లే రెండు పక్షాలూ ఎదురెదురుగా కూర్చోగలిగాయి. కానీ యువత తరఫున అంటూ ప్రత్యేక పక్షం లేదు.

2005 జనవరిలో మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకున్నారు. కాల్పులు, హత్యలు మళ్లీ మొదలయ్యాయి. ఆగస్టు 17న ప్రభుత్వం తిరిగి నిషేధం పెట్టింది.

యువత ఉండి ఉంటే ఆ చర్చలు నిలిచేవా? ఎవరూ గ్యారెంటీ ఇవ్వలేరు. అయితే మాటలు ఆగిపోతే అడవిలోనైనా, పోలీస్ దళంలోనైనా తుపాకీ పట్టి ముందు నిలబడేది ఆ వయసు వాళ్లే. వాళ్ల మాట కూడా వినాలన్నదే 2250 సారాంశం.