మాట తిరిగి వెళ్ళే దారి

తలకి తగిలించుకుని వినే పరికరం పాటల కోసం పుట్టిందని అనుకుంటాం. నిజానికి అది పుట్టింది ఉద్యోగం కోసం. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో కూర్చునే ఆపరేటర్లకి రెండు చేతులూ ప్లగ్గులు పీకడానికీ పెట్టడానికే సరిపోయేవి. అందుకని ఒక చెవికి వినే డబ్బా, ఛాతీ మీద కొమ్ములాంటి మాట్లాడే గొట్టం తగిలించారు. రెండో చెవి ఖాళీగా ఉండేది, పక్కన సూపర్‌వైజర్ అరిస్తే వినపడాలి కదా. వాళ్ళు పీకి పెట్టిన ఆ పావు అంగుళం ప్లగ్గు ఇంకా బతికే ఉంది, ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్ళని అడగండి. దాని చిన్న తమ్ముడే మన 3.5 మిల్లీమీటర్ల పిన్ను.

రెండు చెవులకీ కలిపి తల మీద పట్టీ వేసి, పనికొచ్చే హెడ్‌ఫోన్ చేసినవాడు యూటా రాష్ట్రంలోని నథానియెల్ బాల్డ్విన్. స్టాన్‌ఫర్డ్‌లో చదివాడు, జలవిద్యుత్ కేంద్రంలో పనిచేశాడు. కిక్కిరిసిన ప్రార్థనామందిరంలో వెనక కూర్చుంటే ఉపన్యాసం వినపడక, శబ్దాన్ని పెంచే ఉపాయాల మీద పడ్డాడంటారు. 1910లో తన వంటింట్లో తయారుచేసిన హెడ్‌ఫోన్లని అమెరికా నౌకాదళానికి పంపాడు. రేడియో సంకేతాలు వినేవాళ్ళు పరీక్షించి చూస్తే అప్పటిదాకా వాళ్ళు వాడుతున్నవాటి కంటే ఎంతో సున్నితంగా ఉన్నాయి. ఇంకా కావాలని అడిగితే, ఒక్కసారి పదికి మించి చెయ్యలేను, నా కార్ఖానా వంటిల్లే అని జవాబు రాశాడట. తర్వాత నిజంగానే ఫ్యాక్టరీ పెట్టాడు, బాగా సంపాదించాడు, బహుభార్యాత్వాన్ని సమర్థించే బృందాలకి ఆ డబ్బు ధారపోశాడు, దివాళా తీశాడు, చివరికి జైలుకి కూడా వెళ్ళాడు. ఈయన మీద ఎవరైనా తెలుగులో నవల రాస్తే కొని చదువుతాను.

పాటని స్టీరియోలో వినడానికి హెడ్‌ఫోన్ వచ్చింది చాలా ఆలస్యంగా. 1958లో మిల్వాకీలో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్ తెచ్చాడు. ఇంచుమించు అదే కాలంలో, 1961లో, కాలిఫోర్నియాలో ఇద్దరు పైలట్లు బరువు తక్కువ హెడ్‌సెట్ కోసం ప్లాంట్రానిక్స్ అనే కంపెనీ పెట్టారు. 1969లో చంద్రుడి మీంచి ఆర్మ్‌స్ట్రాంగ్ మాటలు వచ్చింది వాళ్ళు చేసిన హెడ్‌సెట్‌లోంచే. అంటే రెండు వంశాలు. ఒకటి వినే వంశం, రెండోది మాట్లాడే వంశం. వీడియో గేముల హెడ్‌సెట్ ఈ రెండిళ్ళ మధ్య కుదిరిన సంబంధం. సంబంధం కుదిరింది గానీ పెట్టుపోతల గొడవ ఇంకా తెగలేదు. ఇప్పుడు నేను చెప్పబోయేది ఆ గొడవ గురించే.

నాకు దీనితో పనేమిటంటే, మావాడికి పద్నాలుగేళ్ళు. వాళ్ళ బావ, అంటే మా చెల్లెలి కొడుకు, గుంటూర్లో ఉంటాడు. శనివారం పొద్దున్న ఇక్కడ న్యూజెర్సీలో తొమ్మిదింటికి, అక్కడ సాయంత్రం, ఇద్దరూ పీఎస్5 ముందు కూర్చుంటారు. ఆట పేరు నాకు అనవసరం. మావాడు నాతోనూ వాళ్ళమ్మతోనూ కాకుండా ఇంకెవరితోనైనా తెలుగు మాట్లాడేది వారం మొత్తంలో ఆ రెండు గంటలే. మా ఆవిడ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి అప్పుడే పడుకుంటుంది కాబట్టి టీవీ స్పీకరు పెట్టే ప్రశ్నే లేదు. వైర్‌లెస్ హెడ్‌సెట్ కావాలి, చవగ్గా కావాలి. నీ దగ్గర బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఉన్నాయిగా, అవి ఇచ్చెయ్యొచ్చుగా అంది మా ఆవిడ. ఎందుకు కుదరదో చెప్పాలంటే కథ మైక్రోవేవ్ పొయ్యి దగ్గరికి వెళ్ళాలి.

1945 ప్రాంతంలో రేథియాన్ కంపెనీలో పెర్సీ స్పెన్సర్ రాడార్ తరంగాలతో వంట చెయ్యొచ్చని కనిపెట్టాడు. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో దేశాలన్నీ కూర్చుని, రేడియో తరంగాల్లో కొన్ని ముక్కలు పరిశ్రమలకీ వైద్యానికీ పరిశోధనకీ అని పక్కన పెట్టాయి. 2,450 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్న ముక్క వాటిలో ఒకటి. పొయ్యిలు గోల చేసే చోట సమాచారం పంపడం ఎవరికీ ఇష్టముండదు కాబట్టి అది ఊరి చివర బీడులా పడి ఉంది. 1985లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఆ బీడుని తెరిచింది. ఒకే చోట నిలబడకుండా విస్తరించో, గెంతుతూనో పంపే పరికరాలైతే లైసెన్సు అక్కర్లేదంది. వైఫై, బ్లూటూత్, మీ కార్డ్‌లెస్ మౌసు, పక్కింటివాళ్ళ బేబీ మానిటరు, అన్నీ తర్వాత అక్కడే గుడిసెలు వేసుకున్నాయి.

గెంతే పద్ధతి అనగానే నటి హెడీ లమార్ పేరు వస్తుంది. ఆమె, సంగీతకారుడు జార్జ్ యాంటైల్ కలిసి 1942లో టార్పీడోల కోసం అలాంటి పేటెంటు తీసుకున్నది నిజమే. దానంతట అదే వాయించుకునే పియానోలోని కాగితపు చుట్టే ఆధారం, 88 మెట్లకి 88 పౌనఃపున్యాలు. కానీ బ్లూటూత్‌ని ఆమే కనిపెట్టిందని వాట్సాప్‌లో తిరిగే మాట నమ్మకండి. బ్లూటూత్ 1990ల్లో స్వీడన్‌లోని లుండ్‌లో, ఎరిక్సన్ ఇంజనీర్ల చేతుల్లో రూపుదిద్దుకుంది. అది సెకనుకి 1,600 సార్లు గెంతుతుంది. వాళ్ళు చూసుకున్నది ముఖ్యంగా సెల్‌ఫోన్‌లో మాట్లాడేవాళ్ళని.

మన చిక్కు మొదలయ్యేది ఇక్కడే. బ్లూటూత్‌లో శబ్దానికి రెండు దారులున్నాయి. ఒకటి పాటల దారి. మంచి నాణ్యత, రెండు చెవులు, కానీ ఒకవైపే ప్రయాణం. రెండోది ఫోను దారి. మాట అటూ ఇటూ వెళ్తుంది గానీ పాత పద్ధతిలో సెకనుకి 8,000 నమూనాలే తీసుకుంటుంది. అంటే 4,000 హెర్ట్జ్ దాటినదంతా కత్తిరింపు. మైకు ఆన్ చేసిన క్షణంలో చెవిలోని తుపాకులూ సంగీతమూ కూడా పాత ల్యాండ్‌లైన్ ఫోనులో వినపడినట్టు అయిపోవడం మీరు లాప్‌టాప్‌లో మీటింగులప్పుడు గమనించే ఉంటారు. తర్వాత ఆ దారిని 16,000 నమూనాలకి వెడల్పు చేశారు. 2020లో ప్రకటించిన ఎల్ఈ ఆడియోతో ఇంకా బాగుపడుతోంది. కానీ చవక సరుకులోకి అది నెమ్మదిగా దిగుతుంది.

ఈ కత్తిరింపు తెలుగుకి ఏం చేస్తుందో విన్నాను. ‘స’ అనే అక్షరం బలమంతా ఆ 4,000 పైనే ఉంటుంది. ‘సందులోంచి వస్తున్నాడు, చూసుకో’ అంటే అవతలివాడికి సకారాలు రాలిపోయి చేరుతుంది. బావ ‘ఏంట్రా?’ అంటాడు. మావాడు మళ్ళీ చెప్తాడు. మూడోసారికి విసుగొచ్చి ‘లెఫ్ట్! లెఫ్ట్!’ అంటాడు. ఆ తర్వాత గంటన్నర సేపూ ఇంగ్లీషే.

ఆలస్యం ఇంకో బాధ. పాటల దారిలో మామూలు బ్లూటూత్ 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం చేస్తుంది. సినిమా అయితే ఆ యాప్ బొమ్మని కూడా వెనక్కి నెట్టి సర్దుకుంటుంది. ఆటలో అలా కుదరదు, మీట నొక్కింది మనమే కదా. పైగా న్యూజెర్సీకీ గుంటూరుకీ మధ్య మాట వెళ్ళి రావడానికే 200 మిల్లీసెకన్లు దాటుతుంది. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితేనే సంభాషణ హాయిగా ఉంటుందని టెలిఫోన్ ఇంజనీర్లు ఏనాడో లెక్క కట్టారు. సముద్రం ఎలాగూ మన చేతిలో లేదు. ఇంట్లో పోయే ఆలస్యమైనా తగ్గించుకోవాలి.

గేము కన్సోళ్ళకి ఈ సంగతి మొదట్నుంచీ తెలుసు. 2002 ఆగస్టులో పీఎస్2 మీద సోకామ్ అనే ఆట యూఎస్‌బీ హెడ్‌సెట్‌తో కలిపి అమ్మారు. అదే ఏడాది నవంబరు 15న మొదలైన ఎక్స్‌బాక్స్ లైవ్ పెట్టెలోనూ ఒక హెడ్‌సెట్ ఉండేది. ఒకే చెవికి, కంట్రోలరుకి గుచ్చుకునేది. మళ్ళీ ఎక్స్ఛేంజీ ఆపరేటరే! ఒక చెవి స్నేహితులకి, ఒక చెవి టీవీకి. 2006లో పీఎస్3 మాటల కోసం బ్లూటూత్‌ని రానిచ్చింది. 2013లో పీఎస్4 వచ్చేసరికి ఆ తలుపు మూసేసి, కంట్రోలరుకే 3.5 పిన్ను రంధ్రం పెట్టింది. ఎక్స్‌బాక్స్ 2015లో అదే చేసింది. 2020లో వచ్చిన పీఎస్5 గానీ ఎక్స్‌బాక్స్ గానీ మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లని దగ్గరికి రానివ్వవు. తమాషా ఏమిటంటే, పీఎస్5 కంట్రోలరు తన కన్సోల్‌తో మాట్లాడేది బ్లూటూత్‌లోనే. నింటెండో స్విచ్ 2021 సెప్టెంబరులో బ్లూటూత్ వినికిడికి ఒప్పుకుంది, అదీ మైకు లేకుండా.

కాబట్టి ‘వైర్‌లెస్’ అని అట్టపెట్టె మీద ఉంటే చాలదు. ఇక్కడి ఒక దుకాణంలో కుర్రాడు వైర్‌లెస్ అంటే అన్నీ ఒకటేనని బల్లగుద్ది చెప్పి, ఒక బ్లూటూత్ హెడ్‌ఫోన్ చేతిలో పెట్టబోయాడు. వద్దని వచ్చేశాను. చూడవలసింది గోరంత యూఎస్‌బీ ముక్క, డాంగిల్. అదీ 2.4 గిగాహెర్ట్జ్ బీడులోనే ఉంటుంది గానీ దానికి సొంత భాష ఉంటుంది. వినడానికీ మాట్లాడడానికీ ఒకేసారి వెడల్పు దారి వేస్తుంది, ఆలస్యం చెవికి తెలియనంత తక్కువ. ఎక్స్‌బాక్స్ ఉన్నవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. మైక్రోసాఫ్ట్ అనుమతి ఉన్న డాంగిలో, లేదా ఎక్స్‌బాక్స్ సొంత వైర్‌లెస్సో ఉంటే తప్ప అది పలకదు. ఎక్స్‌బాక్స్ కోసం చేసిన డాంగిల్ హెడ్‌సెట్లు కొన్ని పీఎస్5లో పనిచేస్తాయి, పీఎస్5 కోసం చేసినవి ఎక్స్‌బాక్స్‌లో పనిచెయ్యవు. ఇది ఇంజనీరింగ్ కాదు, వ్యాపారం.

ధరలంటారా, సోనీ సొంత పల్స్ 3డీ 2020లో 100 డాలర్లకి ఒక్క సెంటు తక్కువ. 2024లో దాని తర్వాతది వచ్చి 150 అయింది. లాజిటెక్ జీ435 మొదట 80కి వచ్చింది, తగ్గింపుల్లో ఇంకా కిందికి దిగుతుంది. 165 గ్రాముల బరువు, చిన్న తలకి హాయి. దానికి నోటి ముందుకి వచ్చే మైకు కొమ్మ లేదు, చెవి డబ్బాలోనే మైకులున్నాయి. మా అవసరం వేరు కాబట్టి నేను కొమ్మ ఉన్నదే వెతికాను. నోటికి దగ్గరగా మైకు ఉంటే వాడు గొంతు తగ్గించి మాట్లాడొచ్చు, పక్క గదిలో వాళ్ళమ్మ నిద్రపోవచ్చు. ఎల్‌ఈడీ దీపాలు, ‘7.1 సరౌండ్’ అనే అక్షరాలు చూసి ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వకండి. త్రీడీ శబ్దం లెక్కలు పీఎస్5 తనే చేసుకుని మామూలు రెండు చెవుల హెడ్‌సెట్‌కి కూడా పంపిస్తుంది. డాంగిల్‌ని వీలైతే కన్సోల్ ముందు వైపు గుచ్చండి. యూఎస్‌బీ 3 కేబుళ్ళు ఇదే 2.4 బీడులో రొద చేస్తాయని 2012లోనే ఇంటెల్ వాళ్ళు చూపించారు.

అన్నిటికంటే చవకైన వైర్‌లెస్ మాత్రం ఇవేవీ కావు. కంట్రోలరు ఎలాగూ వైరు లేనిదే. దాని రంధ్రంలో మైకున్న మామూలు ఇయర్‌ఫోన్స్ గుచ్చితే వైరు చేతి నుంచి చెవి దాకానే. శబ్దం రెండు వైపులా వెళ్తుంది, కన్సోల్ ఏ అడ్డూ చెప్పదు. కంట్రోలరు ఛార్జింగ్ కాస్త త్వరగా అయిపోతుంది, అంతే. గుంటూర్లో మా మేనల్లుడు చేసేది అదే, పాత ఫోనుతో వచ్చిన ఇయర్‌ఫోన్స్‌తో. వాడి సకారాలన్నీ మావాడికి శుభ్రంగా చేరుతున్నాయి. డిసెంబరులో వచ్చేటప్పుడు నీకూ ఒక వైర్‌లెస్‌ది తేనా అని అడిగితే, వద్దు మామయ్యా, కంట్రోలరుకి పొడుగు ఛార్జింగ్ కేబుల్ ఉంటే తీసుకురా అన్నాడు.