వెంపటి చినసత్యము: ఒక నాట్యాచార్యుని తొలినాళ్ళు

వంగదేశమున స్థిరపడిన తెలుగువారికి నాట్యమనగానే మొదట తోచు పేరు ఉదయశంకరుడు. 1977లో కలకత్తాయందే కన్నుమూసిన ఆ మహానర్తకుడు ఏ గురువునొద్దను బాల్యమున నాట్యము నేర్చినవాడు కాడు. చిత్రలేఖనము నభ్యసించుటకై లండను వెళ్ళి, అన్నా పావ్లోవా కంటబడి, 1923లో ఆమెతో కలసి రంగస్థల మెక్కెను. ఆ లోటు నెరిగియే కాబోలు, పిమ్మట అల్మోడాలో తాను నెలకొల్పిన కేంద్రమునకు కథకళి నేర్పుటకు శంకరన్ నంబూద్రిని, భరతనాట్యము నేర్పుటకు కందప్ప పిళ్ళను రప్పించెను.

కూచిపూడిలో పుట్టిన బాలుని సంగతి దీనికి పూర్తిగా విరుద్ధము. అచట నాట్యమును ఎవరును ఎన్నుకొనరు. అది ఇంటిపేరుతోపాటు వచ్చును. వేదాంతము, పసుమర్తి, భాగవతుల, వెంపటి వంటి కుటుంబములలో పుట్టిన ప్రతి మగబిడ్డయు జీవితమున నొక్కమారైన సత్యభామ వేషము ధరింపవలెనని సిద్ధేంద్రయోగి నియమించెనని ఆ గ్రామవాసులు చెప్పుకొందురు. భాగవతునికి అడుగు తాళము తప్పకున్నంత మాత్రమున చాలదు. దరువు తానే పాడవలెను, మాట తానే పలుకవలెను, తెర పట్టుకొని జడ వైచినది మొదలు ప్రేక్షకులను తనవైపు త్రిప్పుకొనవలెను. ఇంత బరువైన విద్య యగుటచేతనే కాబోలు, అది చిరకాలము ఆ వీథులు దాటి పోలేదు.

వెంపటి చినసత్యము 1929లో ఆ గ్రామముననే జన్మించెను. తాడేపల్లి పేరయ్యశాస్త్రి, వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి ఆయనకు గురువులు. వీరిలో లక్ష్మీనారాయణశాస్త్రిని గూర్చి ఒక మాట చెప్పక తీరదు. పురుషులకే పరిమితమైన విద్యను స్త్రీలకు నేర్పుటకు పూనుకొన్న ధీరుడాయన. సుప్రసిద్ధ నర్తకి బాలసరస్వతియు ఆయనయొద్ద అభినయము నేర్చినది. శిష్యుడు తరువాత నడచిన త్రోవకు గురువే ముందుగా ముండ్లు తొలగించెనన్నమాట.

యౌవనారంభమున చినసత్యము గ్రామము విడిచి కాలినడకన మదరాసు చేరెనని ప్రతీతి. అచట అన్నవరుస యైన వెంపటి పెదసత్యము చలనచిత్రములలో నృత్యదర్శకుడు. ఆయన చెంత చినసత్యమునకు పనియు, విద్యకు మెరుగును లభించినవి. చిత్రసీమ భాగవతులను చెడగొట్టెనని నిందించువారున్నారు. కాని ఆ దినములలో పల్లెలయందు ఆదరణ తగ్గిన కళాకారునికి అన్నము పెట్టినది ఆ సీమయే.

1958లో ఢిల్లీయందు సంగీత నాటక అకాడెమీ జరిపిన నృత్య సదస్సున కూచిపూడికి శాస్త్రీయత కలదా యను చర్చ చెలరేగెను. మరుసటి సంవత్సరము హైదరాబాదున పండితులు సమావేశమై కలదని నిరూపింప పూనుకొనిరి. వాదములకన్న ప్రదర్శనయే గట్టి సమాధానము. 1963లో చినసత్యము మదరాసున కూచిపూడి ఆర్ట్ అకాడెమీని స్థాపించెను. అప్పటికాయన వయస్సు ముప్పదినాలుగేండ్లకు మించలేదు. శోభానాయుడు, మంజుభార్గవి మున్నగువా రచట శిక్షణ పొందిరి. అడుగులు వరుసక్రమమునకు వచ్చినవి, దేహరేఖ తీర్చినట్లయ్యెను. అయితే నర్తకి నోట మాటయు పాటయు తగ్గి, గాయకులు ప్రక్కన కూర్చుండి పాడుట హెచ్చెను. వాచికాభినయము సన్నగిల్లెనని పూర్వాచారపరులు చేసిన ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. కాని ఆ మార్పు లేకున్న తెలుగురాని ఆడపిల్లలు వేలసంఖ్యలో ఈ విద్య నేర్చియుండరు. లాభనష్టములను తూచినచో లాభమే బరువు తూగును.

ఆయన కూర్చిన నృత్యనాటకములలో కలకత్తావారికి ఆత్మీయమైన దొకటి కలదు: చండాలిక. రవీంద్రుడు 1933లో నాటకముగ వ్రాసి, 1938లో నృత్యనాటకముగ మలచిన కథ అది. దాహమడిగిన ఆనందభిక్షువునకు తాను అంటరానిదాన నని వెనుకాడిన ప్రకృతి యను బాలిక, ఆయన మాటతో తానును మనిషినే యని తెలిసికొనును. అగ్రహారపు బ్రాహ్మణ పురుషులు తరతరములుగ కాపాడుకొన్న నాట్యమున, ఒక స్త్రీ ఆ చండాలబాలికగ నిలిచి దోసిట నీరు వంచెను.