చేప మీద పచ్చటి సాస్

మధ్యయుగపు యూరప్‌లో శుక్రవారం వస్తే మాంసం ముట్టకూడదు. ఈస్టరుకు ముందు 40 రోజుల ఉపవాసంలోనూ అంతే. చర్చి పెట్టిన ఆ కట్టడి వల్లే అక్కడి వంటవాళ్లు చేప మీద అంత శ్రద్ధ పెట్టారు. చేప ఒంటికి చలవ, తేమ చేస్తుందని ఆనాటి వైద్యుల నమ్మకం. అందుకు విరుగుడుగా వేడి చేసే ఆకులు, మసాలాలు నూరి పక్కన వడ్డించేవారు.

ఇంగ్లండు రాజు రెండో రిచర్డ్ వంటవాళ్లు 1390 ప్రాంతంలో కూర్చిన 'ఫార్మ్ ఆఫ్ క్యూరీ' అనే వంటల పుస్తకంలో ఆ పచ్చటి సాస్ ఉంది. పార్స్లీ, పుదీనా, వెల్లుల్లి, కాస్త సేజ్, అడవి థైమ్. వాటికి తోడు దాల్చినచెక్క, అల్లం, మిరియాలు, కుంకుమపువ్వు. పులుపుకు వెనిగర్, వైన్, చిక్కదనానికి రొట్టె. నూనె ఊసే లేదు. పులుపు ఊరికే పడలేదు: నీచు వాసనకు కారణమైన ట్రైమిథైలమైన్‌ను ఆమ్లం పట్టి ఉంచుతుంది, గాలిలోకి లేవనివ్వదు. మన చేపల పులుసులో చింతపండు చేసే పనీ అదే.

17వ శతాబ్దం నుంచి ఫ్రెంచి వంటలో మసాలాలు తగ్గి వెన్న పెరిగింది. 1903లో ఫ్రెంచి వంటగాడు ఎస్కోఫియే తన పుస్తకంలో ఆకుల్ని ఉడకబెట్టి, పిండి, ఆ రసం మయొనైజ్‌లో కలపమన్నాడు. రంగు మిగిలింది గానీ పచ్చి ఆకు ఘాటు పోయింది. ఇది నష్టమేనని నా అభిప్రాయం.

అసలు మలుపు 1960లలో వచ్చింది. ఫ్రాన్సులోని రోఆన్ ఊళ్లో ట్రువాగ్రో సోదరులనే వంటవాళ్లు సాల్మన్‌ను పలుచటి ముక్కలుగా కోసి, వేడి పెనం మీద క్షణాల్లో అటూ ఇటూ తిప్పి తీసేశారు. కింద క్రీము సాస్, అందులో చివరి నిమిషంలో వేసిన సోరెల్ ఆకు. అది మన చుక్కకూరకు దగ్గర చుట్టమే. రెండూ రూమెక్స్ ప్రజాతివే. అంత తొందర ఎందుకంటే, చేప కండలో కొలాజెన్ తక్కువ, తక్కువ వేడికే కరిగిపోతుంది. మేకమాంసంలా గంటలు ఉడికించాల్సిన అవసరమే లేదు, ఉడికిస్తే ఎండిపోతుంది. 1973లో గో, మియో అనే ఇద్దరు విమర్శకులు కొత్త వంట సూత్రాలు ప్రకటిస్తూ, వండే సమయం తగ్గించాలని గట్టిగా చెప్పారు.

ఆ దశకంలోనే మిషెల్ గెరార్ అనే ఫ్రెంచి వంటగాడి పేరుతో 'సాస్ వియెర్జ్' ప్రచారంలోకి వచ్చింది: ఆలివ్ నూనె, నిమ్మరసం, టమాటా, తరిగిన తులసి జాతి ఆకు బేసిల్. రొట్టె లేదు, పిండి లేదు, క్రీము లేదు. ముక్క పెనం మీద ఉన్న కాసేపట్లోనే గిన్నెలో కలిపేయొచ్చు.